ఊపిరి తీసుకునే చోటు

ఆ యేడు వానలు మే నెలలోనే దిగాయి. ఆదివారం పొద్దున సాధన ముగించి వాయిద్యాలు సంచుల్లో సర్దుకుంటున్నాం. గుమ్మంలో ఒకమ్మాయి గొడుగు విదిలిస్తూ కనబడింది. ముప్పై దాటి ఉంటాయి. పొట్టి జుట్టు, మోకాళ్ళ దాకా తడిసిన ప్యాంటు. రమ్మని ఎవరూ అనకముందే చెప్పులు విప్పి, అందరికీ వంగి దణ్ణం పెట్టి, నేరుగా నా భార్య దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

"హుయ్‌లాన్ గురువుగారూ, చాలా వారాలుగా గోడ అవతల నిలబడి మీ పాట వింటున్నాను. లోపలికి రావడానికి ఇవాళ ధైర్యం వచ్చింది."

"ధైర్యం కాదు, వానొచ్చింది," అన్నాడు ఉన్ పెదనాన్న. తైనాన్‌లో నాన్‌గ్వాన్ అనే పాతకాలపు సంగీతం కోసం మేం నడిపే సభకి పెద్ద ఆయనే. ఎనభై దాటినా, నాలుగు తీగల పిపా ఒళ్ళో పడితే వేలు తడబడదు. అందరం నవ్వాం. ఆ అమ్మాయీ నవ్వింది.

పేరు పెంగ్ రువోహాన్ అని చెప్పింది. జర్మనీలో సంగీత రచన చదువుకుని తిరిగొచ్చిందట. రెండు వయొలిన్లు, వాటికన్నా కాస్త పెద్దదైన వయోలా, నేల మీద నిలబెట్టి వాయించే చెల్లో కలిసిన బృందం కోసం ఒక రచన చేస్తోంది. ఆ నాలుగింటి మధ్యలో మా పాట కావాలంది. దూరం వెళ్ళిన భర్తకి చలిబట్టలు కుట్టే ఆడమనిషి పాట. దాన్ని హుయ్‌లాన్‌లా పాడేవాళ్ళు మా దీవిలో లేరని పేరు. సెప్టెంబరులో కావోషియుంగ్‌లో కచేరీ.

"పాటని వాళ్ళ వైపు వంచనండీ. ఆ నలుగురినీ పాట వైపు వంచాలని నా ఆశ," అంది రువోహాన్.

అప్పటిదాకా నాకు బాగానే ఉంది. మా సంగీతంలో పాడేవాళ్ళు చేతిలో చిడతలతో మధ్యన కూర్చుంటారు. ఒక పక్క మీటేవాళ్ళు, రెండో పక్క ఊదేవాళ్ళు. హుయ్‌లాన్ పక్కన నిలువు వేణువు ఊదేది నేను. పెళ్ళికి ముందునుంచీ అంతే. అసలు పెళ్ళయిందే అందుకు. ఇద్దరి ఊపిరీ ఇంతలా కలిశాక ఇంక జాతకాలెందుకని ఉన్ పెదనాన్నే మా అమ్మ నోరు మూయించాడు. కాబట్టి ఆ పిల్ల 'పాట' అంటే, 'మేమిద్దరం' అనే నాకు వినబడింది.

"రిహార్సల్స్ ఎక్కడ? శనివారాలు దుకాణం మూయడం నాకు కుదరదు," అన్నాను. మాది కళ్ళజోళ్ళ దుకాణం.

రువోహాన్ ముఖం ఎర్రబడింది. "గురువుగారూ, మీ వేణువంటే నాకు ప్రాణం. కానీ ఈ రచనలో వేణువు లేదండీ. ఆ చోటు వయోలాకి ఇచ్చాను."

వాన చప్పుడు పెద్దగా వినబడింది.

"ఆతెక్, నీ కుర్చీకి కాళ్ళొచ్చాయిరా," అన్నాడు ఉన్ పెదనాన్న.

నేనూ నవ్వాను. నవ్వకపోతే బాగుండదని.

ఇంటికి వెళ్తూ ఒకే గొడుగు కింద నడిచాం. సందు మలుపు తిరిగాం. "వెళ్దామనుకుంటున్నాను," అంది హుయ్‌లాన్.

"వెళ్దాం కాదు. వెళ్తాను అను."

ఆగి నా వైపు చూసింది. "సరే. వెళ్తాను."

*

మా అమ్మకి తుంటి విరిగినప్పటినుంచీ ఆమెని వదిలి హుయ్‌లాన్ రోజంతా బయట ఉండడానికి లేదు. అందుకని ఆ నలుగురూ శనివారాలు రైల్లో మా ఇంటికే వచ్చేవారు. కింద దుకాణం, పైన హాలు. వయొలిన్లు వాయించే అక్కాచెల్లెళ్ళూ, చెల్లో వాయించే సన్నటి కుర్రాడూ మర్యాదగా వచ్చి మర్యాదగా వెళ్ళిపోయేవారు. వాళ్ళతో నాకు ఏ పేచీ లేదు. నా పేచీ అంతా వయోలా మనిషితో.

అతని పేరు ఓయాంగ్. నలభై ఏళ్ళుంటాయి. మనిషి లావు. మెట్లెక్కి వచ్చేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయేది. అందగాడైతే నాకు కొంత తేలికగా ఉండేదేమో. ఇంత అమాయకుడి మీద కడుపుమంట అంటే నలుగురూ నవ్వుతారు. కాబట్టి ఎవరికీ చెప్పుకోవడానికి లేదు.

మా అమ్మకి మాత్రం అతనంటే తెగ ముద్దొచ్చింది.

"బామ్మా, పాలబొంత చేప గంజి ఇంకో గిన్నె ఉందా?"

"నీకు లేకపోవడమేం నాయనా! గిన్నె కాదు, కుండే పెట్టుకో. మావాడిది పిట్ట తిండి. అందుకే ఆ వెదురుబొంగులోంచి గాలి తప్ప ఏమీ రాదు."

"అమ్మా!"

"అబద్ధమా? ముప్పై ఏళ్ళుగా వింటున్నా. గాలే."

మొదటి రెండు వారాలూ పైన యుద్ధమే. ఆ నలుగురూ కాళ్ళతో నేల తొక్కుతూ లెక్కపెట్టుకునేవారు. హుయ్‌లాన్ ఒక్క మాటని పది మలుపులు తిప్పి వదిలేసరికి వాళ్ళ లెక్క ఎక్కడో ముందుకు వెళ్ళిపోయి ఉండేది. ఒకరోజు హుయ్‌లాన్ చిడతలు కింద పెట్టేసింది.

"అమ్మాయ్, వీళ్ళు కాళ్ళు ఆడిస్తుంటే వెనక ఎవరో తరుముతున్నట్టుంది. ఈ పాటలో ఆవిడ బట్ట కుడుతోంది. పరిగెత్తడం లేదు."

కిందినుంచి విన్న నాకు ప్రాణం లేచొచ్చింది. అయిపోయింది, ఇంక వచ్చేవారం రారు అనుకున్నాను. కానీ రువోహాన్ మొండిది. తన రాతలోంచి తాళపు గీతలన్నీ తీసి పారేసింది. "లెక్క మానేయండి. ఆవిడ ఊపిరి తీసుకోవడం చూసి మొదలెట్టండి. చెయ్యి వణికించకండి. స్వరం ఎక్కడ పుట్టిందో ఎవరికీ తెలియకూడదు. ఓయాంగ్, మీరు ఆవిడకి ఎదురుగా కూర్చోండి."

ఆ రోజు టీ పట్టుకుని పైకి వెళ్ళేసరికి ఓయాంగ్ నా భార్య మెడ కింద గుంటకేసి కళ్ళార్పకుండా చూస్తున్నాడు. హుయ్‌లాన్ ఊపిరి తీసుకుంది. ఆ గుంట కొంచెం లోపలికి పోయింది. సరిగ్గా అప్పుడు అతని కమాను కదిలింది. గొంతూ తీగా ఒకేసారి పుట్టాయి. రువోహాన్ చప్పట్లు కొట్టింది. కప్పులు బల్ల మీద పెట్టి కిందికి దిగిపోయాను.

రాత్రి అంట్లు కడుగుతున్న హుయ్‌లాన్ వెనక నిలబడి, "వాడు నీ మెడకేసే చూస్తున్నాడు," అన్నాను.

"చూడమనే కదా ఆ అమ్మాయి చెప్పింది."

"అంతలా చూడాలా?"

"చూడకపోతే ఎక్కడ మొదలెట్టాలో ఎలా తెలుస్తుంది?"

"నేనెప్పుడైనా చూశానా?"

హుయ్‌లాన్ గిన్నె బోర్లించి, చేతులు తుడుచుకుంది. "లేదు. నువ్వెప్పుడూ చూడలేదు," అంది.

దాన్ని నేను పొగడ్తే అనుకున్నాను.

*

జులై వచ్చింది. మామిడిపళ్ళు వీధుల్లోకి దిగాయి. ఒక శనివారం బడి పంతులమ్మ ఒకావిడ కళ్ళజోడు కాడ వదులైందని తెచ్చింది. సన్న స్క్రూ బిగిస్తున్నాను. పైనుంచి నా వేణువు వినబడింది.

నా వేణువు బీరువాలో ఉంది. నేను కింద ఉన్నాను. ఒక్క క్షణం నాకు మతి పోయింది. స్వరం ముగిసే ముందు కిందినుంచి ఒక్కసారి మెత్తగా తాకి పైకి వదిలేసే మెలిక ఒకటుంది. మా గురువు దగ్గర తిట్లు తిని, కన్నీళ్ళు పెట్టుకుని నేర్చుకున్నది. ఆయన పోయాక తైనాన్‌లో అలా ఊదేది నేనొక్కణ్ణే. అదే మెలిక మళ్ళీ వినబడింది. ఈసారి తీగ చప్పుడు తెలిసింది. వయోలా.

పంతులమ్మని కూర్చోబెట్టి మెట్లెక్కాను.

నన్ను చూడగానే ఓయాంగ్ ముఖం వెలిగిపోయింది. "అన్నా! వచ్చిందా? నిజం చెప్పండి. నెలరోజులుగా మీ రికార్డింగ్ వింటున్నాను. స్నానం చేస్తూ కూడా అదే. మా ఆవిడ నన్ను వదిలేసి పోతానంటోంది."

"ఎవరిచ్చారు నా రికార్డింగ్?"

"నేనే ఇచ్చాను," అంది హుయ్‌లాన్.

నా చొక్కా తొడుక్కుని వేరే మనిషి నా ఇంట్లో తిరుగుతున్నట్టుంది నాకు. ఇచ్చింది చూస్తే ఇంటి ఇల్లాలు. ఆమెని ఏమీ అనలేకపోయాను. అత్త మీద కోపం దుత్త మీద తీరింది.

"ఇంత ఒళ్ళు పెంచావు కదయ్యా, సొంతంగా ఒక్క మెలిక పెంచుకోలేకపోయావా?"

ఓయాంగ్ నవ్వబోయాడు. నా ముఖం చూసి ఆపేశాడు. కమాను మోకాళ్ళ మీద పెట్టుకుని దానికేసే చూస్తూ కూర్చున్నాడు. వయొలిన్ల అక్కాచెల్లెళ్ళు కాగితాలు సర్దుకోవడం మొదలెట్టారు. మూల కుర్చీలోంచి మా అమ్మ, "ఒరే, తిండి పెట్టిన చేత్తో ఎవడన్నా మొట్టికాయ వేస్తాడురా?" అంది.

కిందికి దిగి వచ్చేసరికి పంతులమ్మ వెళ్ళిపోయింది, కళ్ళజోడు అక్కడే వదిలేసి.

తర్వాత వారమంతా హుయ్‌లాన్ నాకు అన్నం పెట్టింది, మాట పెట్టలేదు. వంటింట్లో మాత్రం తనలో తాను పాడుకునేది. నేను గుమ్మంలోకి రాగానే ఆపేసేది. ఇదివరకు ఎప్పుడూ ఆపేది కాదు.

ఆదివారం సభకి ఒక్కణ్ణే వెళ్ళాను. హుయ్‌లాన్ చోట్లో రిటైరైన నర్సు ఒకావిడ పాడింది. నాలుగేళ్ళ కిందట నాకు నిమోనియా వచ్చి నెలపైన ఆస్పత్రిలో పడుంటే, ఆవిడే రోజూ వచ్చి చూసిపోయేది. ఎడమ ఊపిరితిత్తి సగం పాడైందనీ, ఇంక వేణువు సంగతి మరిచిపొమ్మనీ డాక్టర్లు అన్నారు. ఆ వసంతంలో భయపడుతూనే హుయ్‌లాన్ పక్కన కూర్చుని ఊదాను. పాట చివరిదాకా ఎక్కడా తడబడలేదు. సభంతా లేచి నిలబడింది. ఆ రోజుతో జబ్బు సంగతి నిజంగానే మరిచిపోయాను.

అలాంటిది నర్సు పక్కన మాత్రం నాకు ఆయాసం వచ్చింది. రెండుచోట్ల ఆవిడ సాగదీసినంతా నాకు అందలేదు. వేణువు కీచుమంది. ఆవిడకి పాట నడక తెలీదని మనసులోనే తిట్టుకున్నాను.

ఉన్ పెదనాన్న పిపాకి గుడ్డ కప్పుతూ, "ఏరా, నీ కడుపు మాడిన వాసన ఇక్కడిదాకా కొడుతోంది," అన్నాడు.

"పొగ మీకెందుకు కనబడుతుంది పెదనాన్నా, మీకు శుక్లాలు."

"కనబడదు కాబట్టే వాసన చూస్తున్నా."

*

ఆగస్టులో ఒక శనివారం. మర్నాటికి తుఫాను అని రేడియో మొత్తుకుంటోంది. ఓయాంగ్ ఒక బుట్టెడు మామిడిపళ్ళు తెచ్చాడు. వాళ్ళ మామగారి తోటవట. బుట్ట నా బల్ల మీద పెట్టి, "అన్నా, ఆ మెలిక తీసేశాను. వేరేది చూసుకుంటున్నాను," అని, నేను ఏదో అనేలోపే పైకి వెళ్ళిపోయాడు. నిజంగానే ఆ వేళ ఆ మెలిక వినబడలేదు. అది లేకపోయేసరికి ఆ చోటు బోసిగా ఉంది. అదీ నచ్చలేదు నాకు.

మధ్యాహ్నం పళ్ళు కోసి పైకి తీసుకెళ్ళాను. రువోహాన్ నా చేతిలో పళ్ళెం చూడనైనా చూడకుండా నన్ను పట్టుకుంది.

"మంచి సమయానికి వచ్చారు గురువుగారూ. ఒక సందేహం. మూడో చరణంలో 'చలి' అన్న మాట ఉంది కదా. మీ సభ పాత రేడియో రికార్డింగ్‌లో ఆ మాట దగ్గర మొదలెట్టి, వరస చివరిదాకా ఒకే ఊపిరి మీద వెళ్ళిపోయారు హుయ్‌లాన్ గురువుగారు. ఇప్పుడేమో మధ్యలో రెండుచోట్ల ఊపిరి తీసుకుంటున్నారు. ఏది పద్ధతి?"

"రెండూ పద్ధతే," అంది హుయ్‌లాన్ గబుక్కున. "ఇప్పుడు పాడేదే రాసుకో. వయసు మీద పడలేదూ!"

"వయసు కాదండీ. ఇందాక మీరు వంటింట్లో ఒకే ఊపిరితో పాడుకుంటున్నారు. నేను విన్నాను."

హుయ్‌లాన్ లేచి కిటికీ రెక్క మూసింది.

"ఒక్కసారి రెండు రకాలుగానూ పాడతారా? ఆతెక్ గురువుగారు చెబుతారు."

హుయ్‌లాన్ నా వైపు చూడకుండా చిడతలు తీసుకుంది. ముందు ఇప్పటిలా పాడింది. 'చలి' దాటి, మలుపు దగ్గర ఒకసారి, ఇంకొంచెం ముందుకెళ్ళి మరోసారి ఊపిరి తీసుకుంది. ఆ రెండుచోట్లా నా ఛాతీ హాయిగా నిండింది. అలవాటు. పళ్ళెం పట్టుకున్న చేతివేళ్ళు వాటంతట అవే వేణువు రంధ్రాలు వెతుక్కుంటున్నాయి.

తర్వాత పాతలా పాడింది. ఓయాంగ్ కమాను ఆమె వెంటే వెళ్ళింది. నేనూ లోలోపల ఊదుతూ వెంట వెళ్ళాను. మలుపు దగ్గరికి వచ్చేసరికి నాలో గాలి అయిపోయింది. నోరు తెరిచాను. అది ఆమె ఇందాక ఆగిన చోటే. గుటక మింగి మళ్ళీ అందుకున్నాను. మళ్ళీ అయిపోయింది. రెండో చోటు. హుయ్‌లాన్ గొంతు మాత్రం ఆ రెండు చోట్లూ దాటుకుని, ఎక్కడా తెగకుండా, చివరికి వెళ్ళి నెమ్మదిగా వాలింది.

చెల్లో కుర్రాడు "అబ్బా!" అన్నాడు.

"ఏది గురువుగారూ?" అంది రువోహాన్.

"పాతదే," అన్నాను. "పాతదే రాసుకో."

పళ్ళెం బల్ల మీద పెట్టి కిందికి వచ్చాను. కళ్ళజోడు ముక్కు మీదినుంచి జారిపోతోందని ఒకాయన వచ్చి నిలబడి ఉన్నాడు. కాడలు వేడిచేసి వంచి ఇచ్చాను. ఇప్పుడు బాగుందన్నాడు.

*

సాయంత్రం వాళ్ళు వెళ్ళాక డాబా మీద బట్టలు తీస్తోంది హుయ్‌లాన్. గాలి అప్పటికే లేచింది. దుప్పటి రెండో కొస నేను పట్టుకున్నాను.

"నేను ఆస్పత్రినుంచి వచ్చినప్పట్నుంచేనా?"

"ఊఁ."

"సభలో అందరికీ తెలుసా?"

"ఉన్ పెదనాన్నకి తెలుసు. ఆయన కూడా ఆ రెండుచోట్లా మీటు కొంచెం ఆలస్యం చేస్తాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే వాయించడం మానేసేవాడివి."

"మానేసేవాణ్ణే."

"అందుకే."

దుప్పటి మడిచాం. ఆమె దగ్గరికి వచ్చి నా కొస అందుకుంది. నేను వదల్లేదు.

"నీకు పాతలా పాడాలని ఉండేదా?"

"ఉండేది."

"అప్పుడప్పుడూనా?"

"పాడిన ప్రతిసారీ," అంది. దుప్పటి నా చేతిలోంచి లాక్కుని, "లోపలికి పద, చినుకులు పడుతున్నాయి," అంది.

తుఫాను రెండు రోజులు ఊరిని కుదిపేసింది. కరెంటు లేదు. మా అమ్మ ఒక గదిలో, మేం ఒక గదిలో. కోపం తెచ్చుకుందామని చూశాను, కుదరలేదు. సిగ్గుపడదామన్నా నిలవలేదు. వాటి అడుగున ఉన్నది మాత్రం ఆ పాత కడుపుమంటే, ఇంకా ముదిరి కూర్చుంది. ఇన్నాళ్ళూ ఓయాంగ్ నా చోటు కాజేశాడని ఏడ్చాను. అతను కాజేసింది నా చోటు కాదు. నేనివ్వలేకపోయిన చోటు ఒకటి ఆమెకి తెచ్చి ఇచ్చాడు. దాన్ని ఎలా ఓర్చుకోను? మనిషికి జబ్బు చేస్తుంది. కమానుకి నిమోనియా రాదు.

*

సెప్టెంబరులో కావోషియుంగ్‌లో కచేరీ అయింది. మా అమ్మ చక్రాల కుర్చీ పక్కన నేను, నా పక్కన ఉన్ పెదనాన్న. దీపాలు తగ్గాయి. ముదురాకుపచ్చ బట్టల్లో హుయ్‌లాన్ వచ్చి నలుగురి మధ్యన కూర్చుంది.

ఇన్నేళ్ళలో ఆమె పాడుతుంటే ఎదురుగా కూర్చోవడం నాకదే మొదలు. ఎప్పుడూ పక్కనే ఉండేవాణ్ణి. ఒక చెంప, ఒక చెవి, చెవి వెనక నెరిసిన నాలుగు వెంట్రుకలు. నాకు తెలిసిన హుయ్‌లాన్ అంతే. పాడేటప్పుడు ఆమె కనుబొమల మధ్య ఒక చిన్న ముడి పడుతుందని నాకు తెలియదు. ఓయాంగ్‌కి తెలుసు. మూడు నెలలుగా అతను దానికెదురుగానే కూర్చున్నాడు.

చెల్లో అడుగున ఒక్కో మీటు వేస్తోంది. వయొలిన్లు ఎక్కడో దూరంగా పొగమంచులా ఉన్నాయి. అవి మావి కావు, అలాగని పరాయివీ కావు. మా పాట తనంత తాను నడుస్తుంటే, అవి ఒక్కోసారి దారిచ్చి, ఒక్కోసారి ఎదురొచ్చి పలకరిస్తున్నాయి. 'చలి' దగ్గరికి వచ్చింది. వద్దనుకుంటూనే ఊపిరి బిగబట్టాను. నా ఊపిరి అయిపోయింది. ఆమెది కాలేదు. వయోలా ఆమె కిందనే, నీడలాగా, వరస చివరిదాకా వెళ్ళింది. హాల్లో ఒక్క దగ్గు లేదు.

మా అమ్మ నా చెయ్యి గిల్లింది. "బాగుందిరా," అంది చెవిలో. ఇన్నేళ్ళలో నా వేణువుకి ఆ మాట అనలేదు.

కచేరీ అయ్యాక వేదిక వెనక్కి వెళ్ళాం. హుయ్‌లాన్ చుట్టూ జనం. గోడవార నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు ఓయాంగ్. ముఖం పాలిపోయి ఉంది. నీళ్ళ సీసా తీసుకెళ్ళి ఇచ్చాను.

"ఏమైంది?"

"ఏం లేదన్నా. ఆ వరస వచ్చినప్పుడల్లా నేనూ ఊపిరి బిగబట్టేస్తున్నాను. వదిలితే ఆవిణ్ణి పోగొట్టుకుంటానని భయం. ఇవాళ కళ్ళు బైర్లు కమ్మాయి."

"నువ్వు వాయించేవాడివా, పాడేవాడివా?"

"తెలియట్లేదు."

గోడకానుకుని అతని పక్కన కూలబడ్డాను. "నోరు మూసుకుని ముక్కుతో తీసుకో. 'చలి' మాట నోట్లోంచి దాటగానే ఆవిడ చిడతల చెయ్యి ఒకింత కిందికి దిగుతుంది. అప్పుడు తీసుకుంటే ఎవరికీ వినబడదు. మా గురువు నాకు చెప్పిన చోటు అది."

ఓయాంగ్ కళ్ళు మూసుకుని, చెయ్యి ఆడిస్తూ, అక్కడికక్కడే రెండుసార్లు చేసి చూశాడు. "అందుతోందన్నా!" అన్నాడు సంతోషంగా.

"ఆ మెలిక కూడా తిరిగి పెట్టుకో. అది లేకపోతే బోసిగా ఉంది," అన్నాను. అనేశాక నాలిక కరుచుకున్నాను. శత్రువు కత్తిని నా చేతులతో నేనే నూరిచ్చినట్టయింది.

*

వాళ్ళని చలికాలం జపాన్‌కి పిలిచారు. హుయ్‌లాన్ వెళ్తానంది. ఈసారి నన్ను అడగలేదు, నేనూ దిద్దలేదు. అమ్మని చూసుకోవడానికి నర్సుగారితో మాట్లాడి పెట్టాను.

అక్టోబరులో ఎండ మెత్తబడ్డాక ఒక ఆదివారం సభకి ఇద్దరం కలిసి వెళ్ళాం. అందరూ హుయ్‌లాన్‌ని ఆ పాటే పాడమన్నారు. ఆమె మధ్యన కూర్చుంది. నేను పక్కన కూర్చుని వేణువు తుడుచుకుంటూ, "పాతదే పాడు," అన్నాను.

"నీకు అందదు," అంది మెల్లగా.

"అందకపోతే ఆగుతాను."

ఉన్ పెదనాన్న విననట్టు తీగలు సవరించుకుంటున్నాడు.

మొదటి రెండు చరణాలూ మామూలుగా సాగాయి. మూడోదాంట్లో 'చలి' దాటాం. మలుపు దగ్గర నాలో గాలి అయిపోయింది. పెదవులమీదినుంచి వేణువు తీసేశాను. సభలో అంత పని నేనెప్పుడూ చేయలేదు. ఎవరో తలెత్తి చూశారు. నేను మాత్రం మొదటిసారి పక్కకి తిరిగి హుయ్‌లాన్ మెడకేసి చూశాను. పిపా ఒక్కో మీటు వేస్తోంది. ఆమె గొంతు ఒంటరిగా ముందుకి వెళ్ళింది. నేను తోడు లేనందుకు అది సన్నబడలేదు, వణకలేదు. వరస చివరికి వచ్చాక ఊపిరి పుంజుకుని మళ్ళీ అందుకున్నాను.

అయిపోయాక ఉన్ పెదనాన్న, "ఇవాళ వేణువులో గాలి తగ్గిందేంరా?" అన్నాడు.

"ఇవాళ కాదు పెదనాన్నా. నాలుగేళ్ళుగా తక్కువే. మీకూ తెలుసు."

ఆయన మీటే గోరు గీసుకుంటూ, "సరే, తర్వాతి పాట," అన్నాడు.

బయటికి వచ్చి చెప్పులేసుకుంటుంటే హుయ్‌లాన్ అడిగింది, "ఎలా ఉంది?"

"చివర్లో అక్కర్లేనంత సాగదీశావు."

"ఈర్ష్యా?"

వీధిలో చేపలవాడు అరుస్తూ పోతున్నాడు. అతను దాటేదాకా ఆగాను.

"అవును," అన్నాను.

హుయ్‌లాన్ నవ్వలేదు. వేణువు సంచి నా భుజంమీదినుంచి తీసి తన భుజాన వేసుకుంది.

"అయితే వచ్చేవారం ఇంకొంచెం సాగదీస్తాను," అంది.